తుర్గాయ్ రద్దయిన చలికాలం

మొన్న జూన్ లాంగ్ వీకెండ్‌లో మా పక్కింటివాళ్ళు బార్బెక్యూకి పిలిచారు. సిడ్నీ టూంగాబీలో మా వీధి ఇళ్ళన్నీ పాతవే. వాళ్ళు ఈమధ్యే కిచెన్ మార్పించుకున్నారు. పీకేసిన పాత కబోర్డు తలుపులు పెరట్లో ఫెన్సుకి ఆనించి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికే ఎండ పలచబడి చలి మొదలైంది. పక్కింటాయన ఫైర్ పిట్ వెలిగించి, కట్టెలు సరిపోక, ఒక తలుపుని కాలితో తొక్కి విరిచి మంటలో వేశాడు.

"దానికి పెయింట్ ఉందన్నా," అన్నాను.

"ఏం గాదమ్మా. కౌన్సిలోళ్ళు పాత సామాను ఎత్కపోయే క్లీనప్‌కి ఇంకా టైముంది. అందాక ఇవి ఈడనే పడుంటే మా ఆమె నన్ను తిడ్తది," అని నవ్వి, "ఆంటీ, మీరు జర దగ్గరికొచ్చి కూచోండ్రి. మస్తు చలి ఉన్నది," అన్నాడు. ఆయనది కరీంనగర్.

ఆంటీ అంటే మా అమ్మ. తెల్లటి మనిషి, నీలం కళ్ళు, తెనాలి యాసలో తెలుగు మాట్లాడుతుంది. గుడిలో కొత్తవాళ్ళు ఆవిడ నోరు విప్పగానే తిరిగి చూస్తారు. ఆ సాయంత్రం ఆవిడ ఒళ్ళో ప్లేటు పెట్టుకుని మొక్కజొన్న పొత్తు తింటోంది. మంటలో తలుపు మీద పెయింట్ బుడగలు బుడగలుగా ఉబ్బి, పగిలి, ముక్కు లోపల గీరినట్టుండే ఒక వాసన వచ్చింది. అమ్మ ప్లేటు కింద పెట్టింది. ఎవరికీ చెప్పకుండా సైడ్ గేటు తీసుకుని మా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి చూసింది. దానికి పదేళ్ళు. "ఈజ్ అమ్మమ్మ ఓకే?" అంది.

"ఓకేనే. ఆవిడకి ఆ పొగ పడదు."

"వై? ఎవ్రీవన్ ఎల్స్ ఈజ్ ఫైన్."

దాని ప్లేటులో ఇంకో పొత్తు వేశాను. జవాబు చెప్పాలంటే చాలా దూరం వెనక్కి వెళ్ళాలి.

నేను పుట్టిన ప్రాంతం ఇప్పుడు లేదు. నేల ఉంది, ఊరు కూడా కొంత ఉందట. కానీ ఆ ప్రాంతం పేరుతో ఇప్పుడు ఏ పటంలోనూ గీత ఉండదు. సోవియట్ రోజుల్లో దాన్ని తుర్గాయ్ ఒబ్లాస్త్ అనేవాళ్ళు. ఒబ్లాస్త్ అంటే మన జిల్లా కన్నా చాలా పెద్దది, మన రాష్ట్రంలా సొంత మంత్రులూ అవీ ఉండవు. కజాఖ్‌స్తాన్ నడిమధ్యలో, చెట్టన్నది లేని గడ్డిమైదానంలో, భూమిలో అల్యూమినియం తీసే ఎర్ర ఖనిజం దొరికిందని ఒక ఊరు కట్టారు. ఆ ఊరికి హోదా ఉండాలని చుట్టూ ఒక ప్రాంతాన్ని గీశారు. మా నాన్న చెప్పేవాడు, ముందు గని, తర్వాత ఊరు, ఆ తర్వాత ఒబ్లాస్త్ పుట్టాయని. పోవడం మాత్రం తలకిందులుగా పోయాయి.

మా నాన్నది తెనాలి దగ్గర ఒక పల్లె. స్కాలర్‌షిప్ మీద రష్యా వెళ్ళి భూగర్భశాస్త్రం చదివాడు. చదువయ్యాక ఆ గనిలో ఉద్యోగం వచ్చింది. ఏడాది పని చేసి ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆ ఏడాదిలో అపెండిక్స్ ఆపరేషనై ఆసుపత్రిలో పడుకుంటే, అక్కడి నర్సు ఆయనకి రోజూ టీ తెచ్చి ఇచ్చింది. ఆవిడే మా అమ్మ. తర్వాత అమ్మ ఆ ఆసుపత్రిలోనే కాన్పుల వార్డుకి మారింది.

అమ్మ జర్మన్. ఆవిడ తల్లి, అంటే మా అమ్మమ్మ, వోల్గా నది ఒడ్డున పుట్టింది. అక్కడ జర్మన్లకి వందల ఏళ్ళనాటి పల్లెలు ఉండేవట, వాళ్ళకంటూ ఒక ప్రాంతం ఉండేదట. యుద్ధం రాగానే ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రద్దు చేసి, మనుషులందర్నీ పశువుల్ని తోలే రైలు పెట్టెల్లో ఎక్కించి గడ్డిమైదానంలో దించింది. అమ్మమ్మ అప్పటికి చిన్నపిల్ల. దిగినచోట ఇల్లు లేదు, చెట్టు లేదు. ఒక కజాఖ్ ఆవిడ వచ్చి వీళ్ళని తన మట్టిఇంట్లోకి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో అమ్మమ్మ ఈడు కుర్రాడొకడు ఉన్నాడు. అతనికన్నా ముందు పుట్టిన అన్నలూ అక్కలూ అంతా అంతకుముందు వచ్చిన కరువులో ఆకలికి చనిపోయారు. ఆ కుర్రాడే పెద్దవాడై, ముసలివాడై, మా అపార్ట్‌మెంట్‌లో, ఒకే మెట్ల మీద ఎక్కే ఇళ్ళున్న మా మెట్లవరసలోనే, కింది అంతస్తులో ఉండేవాడు. కజాఖ్ భాషలో తాతని ఆతా అంటారు. నేనూ ఆతా అనే పిలిచేదాన్ని. ఆయన అమ్మమ్మని చెల్లీ అనేవాడు. అమ్మమ్మ ఆయన్ని మాత్రం "ఓయ్, గుర్రపు దొంగా" అని పిలిచేది.

మా మెట్లవరసలో జర్మన్లు, ఉక్రెయిన్ వాళ్ళు, కొరియా వాళ్ళు, చెచెన్లు ఉండేవాళ్ళు. ఎవర్ని కదిపినా ఎవరో ఒకరు తాతనో నాయనమ్మనో రైలెక్కించి పంపితే వచ్చిన కథే.

"ఈ చోటికి సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చిన మొనగాడు మీ నాన్న ఒక్కడే," అనేది అమ్మమ్మ. నాన్న నవ్వేవాడు.

ఏప్రిల్లో మంచు కరిగాక రెండు వారాలపాటు మైదానమంతా పసుపు, ఎరుపు తులిప్ పూలు పూసేవి. తర్వాత ఎండకి గడ్డి ఎండి, ఒకరకం చేదు మొక్క వాసన గాలిలో ఉండిపోయేది. ఆ వాసనకి పేరేమిటో నాన్నకి తెలుసు కానీ నాకు చెప్పినా అర్థం కాలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెనాలిలో వినాయక చవితి పత్రి కట్టలోంచి మాచిపత్రి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన. మా నాయనమ్మ "పూజకి ముందే వాసన చూడకూడదే" అని చేతిలోంచి లాక్కుంది.

ఆతా వయసులో ఉన్నప్పుడు పెద్ద చక్రాల బండి నడిపేవాడు. రాకెట్లో ఆకాశంలోకి వెళ్ళినవాళ్ళు తిరిగి దిగేది మా మైదానంలోనే. వాళ్ళు దిగే గంటలాంటి పెట్టెని వెతికి, వాళ్ళని బయటికి తీసే బృందంలో ఆయన డ్రైవరు. దిగిన ఒకాయన నడవలేక గడ్డిలో బోర్లా పడుకుని, ఈ చేదు వాసన పీలుస్తూ ఏడ్చాడని చెప్పేవాడు. "అంత ఎత్తు నుంచి చూసినవాడికే మా ఊరు బాగుంటుంది," అనేవాడు. ఆ పెట్టెని కిందికి దించే పారాషూట్ గుడ్డ ముక్క ఒకటి, నారింజరంగుది, ఆయన వంటింటి కిటికీకి తెరగా ఉండేది. ఎవరూ అడగలేదు ఎక్కడిదని.

తిండి సంగతికొస్తే, అమ్మమ్మ పులియబెట్టిన క్యాబేజీ, బంగాళదుంపల మీద పిండి చుట్టలు పెట్టి ఆవిరి మీద ఉడికించేది. మూత తీయకూడదు, తీస్తే చుట్టలు అణిగిపోతాయి. నేనూ ఆతా మనవడూ కావాలని మూత తీసి పారిపోయేవాళ్ళం. ఆతా ఇంట్లో ఉప్పు వేసిన పాల టీ, నూనెలో వేయించిన పిండి ముద్దలు, ఎండబెట్టిన పెరుగు ఉండలు ఉండేవి. ఆ ఉండలు రాళ్ళలా గట్టివి, బుగ్గన పెట్టుకుంటే బడి అయ్యేదాకా కరిగేవి కావు. మా నాన్న పుల్లటి ఆపిల్ కాయల్ని ముక్కలు కొట్టి, ఆవపొడి, పొద్దుతిరుగుడు నూనె, బజారులో కొరియా ముసలమ్మ దగ్గర కొన్న కారం వేసి ఆవకాయ పెట్టేవాడు. దాన్ని నల్ల రొట్టె మీద రాసుకుని తినేవాళ్ళం. ఆతా ఒకసారి తిని, వరసగా రెండు గిన్నెల టీ తాగి, "మీ దేశంలో చలి లేకపోవడానికి కారణం ఇదా," అని అడిగాడు.

నాన్న నాతో తెలుగే మాట్లాడేవాడు. ఆ మైదానం మొత్తం మీద ఆ భాష మాట్లాడేది మేమిద్దరమే. బస్సులో నాన్న "అమ్మడూ, ఆ ఎదురుగా కూచున్న లావుపాటాయన టోపీ చూడవే, గారెలా లేదూ," అంటే, నేను పగలబడి నవ్వితే, బస్సులో ఎవరికీ అర్థమయ్యేది కాదు. గారె ఎలా ఉంటుందో నాకూ అప్పటికి తెలియదు.

తుర్గాయ్‌ని రెండుసార్లు రద్దు చేశారు. మొదటిసారి నేను ఇంకా చంటిపిల్లని. రెండేళ్ళకి ఎవరికో మనసు మారి మళ్ళీ ఇచ్చారు. అందుకని రెండోసారి రేడియోలో చెప్పినప్పుడు పెద్దవాళ్ళు అంతగా పట్టించుకోలేదు. సోవియట్ దేశమే పోయి అప్పటికి కొన్నేళ్ళయింది, జీతాలు నెలల తరబడి రావడంలేదు, గనిలో సగం పని ఆగిపోయింది. ఏప్రిల్ చివరి రోజులు. అమ్మమ్మ, ఆతా మెట్ల ముందు బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు.

"మళ్ళీ తీసేశారంట," అన్నాడు ఆతా.

"విన్నాను."

"పోయినసారిలాగే తిరిగి ఇస్తార్లే."

అమ్మమ్మ గింజల పొట్టు గుప్పిట్లోకి ఊసుకుని, "నేను పుట్టిన చోటుని కూడా ఇలాగే తీసేశారు," అంది. "అప్పుడు కనీసం రైలు పంపారు."

ముందు ప్రాంతీయ కార్యాలయం వాళ్ళు వెళ్ళిపోయారు. లారీల్లో బల్లలు, కుర్చీలు, తెరలు, చివరికి మెట్ల మీద పరిచిన ఎర్ర తివాచీ కూడా చుట్టి పట్టుకుపోయారు. వాళ్ళతో పాటు బ్యాంకు, కోర్టు, పోలీసు పెద్దలు. ఆ తర్వాత వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. జర్మన్లు జర్మనీకి, రష్యా వాళ్ళు రష్యాకి. ప్రతి ఆదివారం మా మెట్లవరసలో ఒక ఇల్లు ఖాళీ అయ్యేది. ఇళ్ళు కొనేవాళ్ళు లేరు. తాళం చెవి పక్కింటివాళ్ళకిచ్చి వెళ్ళేవాళ్ళు, తర్వాత పక్కింటివాళ్ళూ వెళ్ళేవాళ్ళు.

పిల్లలకి మాత్రం అది పండగ. నేనూ ఆతా మనవడూ ఖాళీ కార్యాలయంలో కిటికీ గుండా దూరాం. పెద్దాయన గదిలో ఒక కాలు విరిగిన కుర్చీ మిగిలింది. సొరుగులో గుండ్రటి రబ్బరు ముద్ర ఒకటి, ఇంకా తడి ఆరని సిరా దిండు. తుర్గాయ్ ప్రాంతపు ముద్ర. వాడు కుర్చీలో కూర్చుని నా నుదుటి మీద ఒకటి కొట్టాడు. నేను వాడి రెండు బుగ్గల మీద కొట్టాను. ఆ తర్వాత వాడు, "ఈ రోజు నుంచి బడి రద్దు," అన్నాడు. నేను, "క్యాబేజీ రద్దు," అన్నాను. అలా ఊళ్ళో మాకు నచ్చనివన్నీ రద్దు చేసి, ముద్రలతో ఇంటికొచ్చాం. నాన్న చూసి నవ్వాడు. అమ్మమ్మ నవ్వలేదు. తడిగుడ్డ తెచ్చి నా నుదురు మంట పుట్టేదాకా రుద్దింది.

ఆ ఏడు అక్టోబరులో ఇళ్ళకి వేడి రాలేదు.

అక్కడి పద్ధతి చెప్పాలి. ఏ ఇంటికీ సొంత పొయ్యి ఉండదు. ఊరికంతటికీ ఒక పెద్ద బాయిలర్ ఇల్లు, అక్కడ బొగ్గు మండించి, వేడినీళ్ళని గొట్టాల్లో ప్రతి ఇంటికీ పంపేవాళ్ళు. గోడలకి ఇనుప పలకలుండేవి, వాటిలో ఆ నీళ్ళు తిరుగుతుంటే గది వెచ్చగా ఉండేది. ఆ ఏడు బొగ్గుకి డబ్బు ఎవరివ్వాలో తెలియలేదు. పాత ప్రాంతం లేదు, కొత్త ప్రాంతానికి మేమెవరమో తెలియదు. నవంబరులో కొన్నాళ్ళు గోరువెచ్చగా వచ్చి ఆగిపోయింది. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, ఒక రోజు పొద్దున్న మెట్లవరస పొడవునా తుపాకీ పేలినట్టు చప్పుళ్ళు. ఇనుప పలకలు నిలువునా పగిలాయి. పై అంతస్తు నుంచి కారిన నీళ్ళు మెట్ల మీదే మంచుగడ్డై, మేం చేతికమ్మి పట్టుకుని జారుతూ దిగేవాళ్ళం. మొదటి రెండు రోజులూ అదీ సరదాగానే ఉంది.

నాన్నా ఆతా కలిసి ఒక నూనె పీపాని కోసి రేకు పొయ్యి చేశారు. కిటికీ అద్దం ఒకటి తీసేసి, రేకు బిగించి, దానిలోంచి పొగగొట్టం బయటికి పెట్టారు. రెండు ఇళ్ళకి రెండు పొయ్యిలు మండించేంత కట్టె లేదని ఆతా, ఆయన మనవడు మా ఇంటికొచ్చేశారు. ఆరుగురం ఒకే గదిలో. పొయ్యి పక్కన ఉన్న మంచం మీద నేనూ అమ్మమ్మా. మిగతావాళ్ళు సోఫాలో, నేల మీద.

చెట్లు లేని నేల. కట్టెలెక్కడివి? ఖాళీ ఇళ్ళలోవి. నాన్న గొడ్డలి తీసుకుని, మేమిద్దరం సంచులు తీసుకుని ఖాళీ ఇళ్ళన్నీ తిరిగేవాళ్ళం. తలుపులు, కిటికీ చట్రాలు, నేలకి పరిచిన చెక్క పలకలు. కొన్ని ఇళ్ళు నాకు తెలిసినవాళ్ళవి. నా స్నేహితురాలు పడుకునే గది తలుపు మీద దాని ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలుండేవి. నాన్న ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత పీకాడు. ఆ చెక్కలన్నిటికీ ఏళ్ళ తరబడి తెల్ల పెయింట్ వేసి ఉండేది. కాలుతుంటే కళ్ళల్లో నీళ్ళు, గొంతులో గరగర. మా బట్టలు, రొట్టె, జుట్టు అన్నీ అదే వాసన. బంగాళదుంపలు సంచిలోనే గడ్డకట్టి, వండితే వింతగా తియ్యగా ఉండేవి. బడి మూసేశారు. నాన్న పొయ్యి ముందు కూర్చోబెట్టి బొగ్గుతో నేల మీద తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. ఆతా మనవడూ దిద్దాడు. వాడికి 'ఱ' బాగా నచ్చింది.

డిసెంబరు చివర్లో అమ్మమ్మకి దగ్గు పట్టుకుంది.

అమ్మ రోజూ ఆసుపత్రికి నడిచి వెళ్ళేది. జీతం లేకపోయినా వెళ్ళేది. అక్కడా వేడి లేదు. కాన్పుల వార్డులో కోట్లు వేసుకునే పురుళ్ళు పోసేవాళ్ళు. జనవరిలో ఒక మధ్యాహ్నం అమ్మ తలుపు తోసుకుని వచ్చింది. వెనకాల ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, నిలబడలేకపోతోంది. అమ్మ కోటు బొత్తాలు విప్పితే లోపల, ఛాతీకి ఆనించి గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. నెలలు నిండకుండా పుట్టింది. ఆ అమ్మాయి భర్త పని వెతుక్కుంటూ ఏదో ఊరు వెళ్ళాడు, ఎక్కడున్నాడో తెలియదు. వాళ్ళ గదిలో పొయ్యి లేదు.

"వార్డులో నీళ్ళ గ్లాసు గడ్డకట్టింది," అంది అమ్మ.

నాన్న లేచి కట్టె వేశాడు. అమ్మ ఆ అమ్మాయిని పొయ్యి పక్క మంచం మీద పడుకోబెట్టింది. బిడ్డ పిల్లికూనలా కూడా ఏడవటం లేదు. నన్నూ ఆతా మనవణ్ణీ నీళ్ళకోసం మంచు తెమ్మని కిందకి పంపారు. మేం బకెట్లు నింపుకుని వచ్చేసరికి అమ్మమ్మ తన దిండు, దుప్పటి తీసుకుని వంటింట్లోకి మారిపోయింది. వంటిల్లు నడవాకి అటు చివర ఉంటుంది. కిటికీ లోపలివైపు వేలు మందాన మంచు పేరుకుని ఉండేది.

నేను వెనకాలే వెళ్ళి, "ఇక్కడెందుకు అమ్మమ్మా?" అన్నాను.

"ఆ పొయ్యి దగ్గర పొగకి నాకు ఊపిరాడటం లేదే. ఇక్కడ గాలి బాగుంది."

"నేనూ ఇక్కడే పడుకుంటా."

"నువ్వక్కడుండి బిడ్డకి కాపలా కాయి. ఏడిస్తే మీ అమ్మని లేపు. పడుకున్నా ఒక కన్ను తెరిచే ఉంచు, తెలిసిందా?"

ఆవిడకి నేను చేయగలిగింది ఒకటే. పొయ్యి మీద ఇటుక వేడి చేసి, పాత తువ్వాలులో చుట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, చల్లారింది తెచ్చుకోవడం. పొద్దున్నా, మధ్యాహ్నం, సాయంత్రం. ఆవిడ ఇటుకని కాళ్ళతో తడిమి, "ఇది నిన్నటిదాని కన్నా మంచి ఇటుక," అనేది. ఉన్నవి రెండే ఇటుకలు.

ఆతా వంటింట్లో ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. నేను ఇటుకతో వెళ్ళినప్పుడు వాళ్ళ మాటలు వినపడేవి.

"లోపలికి రా చెల్లీ. నేను మోసుకెళ్తాను."

"నీ నడుముకి నీ టోపీయే బరువు."

"మా అమ్మ ఉంటే నిన్నిలా ఉండనిచ్చేదా?"

"మీ అమ్మ," అని అమ్మమ్మ చాలాసేపు దగ్గింది. "మీ అమ్మ తన బిడ్డ పక్కన మా ముగ్గురు అక్కచెల్లెళ్ళనీ పడుకోబెట్టింది. ఆ రోజు ఆవిడెక్కడ పడుకుందో నువ్వు చూశావా? నేను చూశాను."

ఆతా లేచి వెళ్ళాడు. పారాషూట్ గుడ్డ తన ఇంటి నుంచి తెచ్చి, రెండు మడతలు పెట్టి, ఆవిడ దుప్పటి మీద కప్పాడు.

బిడ్డ బతికింది. ఒక రోజు ఉన్నట్టుండి గట్టిగా ఏడ్చింది. అందరం దాని చుట్టూ చేరి ఆ ఏడుపు పాట విన్నట్టు విన్నాం. నేను వంటింట్లోకి పరిగెత్తి చెప్పాను. "వినపడింది," అంది అమ్మమ్మ. ఆవిడ మొహం ఎర్రగా, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అమ్మ ఆసుపత్రిలో మందుల కోసం వెతికింది. అల్మరాలు ఖాళీ.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న నేను వేడి ఇటుక పట్టుకుని వెళ్ళాను. దుప్పటి ఎత్తి, పాత ఇటుక తీసి, కొత్తది పెట్టాను. కాళ్ళు కదల్లేదు. ఇంకొంచెం దగ్గరికి జరిపాను. తర్వాత పాదం ముట్టుకున్నాను. అప్పుడు నాన్నని పిలిచాను, తెలుగులో.

నేల రాయిలా గడ్డకట్టి ఉంది. నాన్నా ఆతా లారీ టైర్లు దొర్లించుకెళ్ళి, గొయ్యి తవ్వాల్సిన చోట వేసి తగలబెట్టారు. నల్లటి పొగ తిన్నగా పైకి లేచింది. మెత్తబడినంత మేర తవ్వడం, మళ్ళీ టైరు కాల్చడం. రెండు రోజులు పట్టింది. శ్మశానంలో అలాంటి పొగలు ఇంకా మూడు నాలుగు లేస్తున్నాయి. పెట్టె మా వంటింటి అల్మరా చెక్కలతో చేశారు. అమ్మ జర్మన్‌లో ఏదో ప్రార్థన చదివింది, మధ్యలో మాటలు మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. ఆతా అరచేతులు చాచి తన భాషలో ప్రార్థన చేశాడు. నాన్నకి దేవుడి మీద నమ్మకం లేదు. టోపీ తీసి, "వెళ్ళొస్తాం అత్తయ్యా," అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, నేల కడిగింది. ఆ చలిలో నీళ్ళు పోసి కడిగింది.

మంచు కరిగాక ఆ అమ్మాయి భర్త వచ్చాడు. సన్నగా, సిగ్గుగా ఉన్నాడు. బిడ్డని తీసుకుని రైల్లో వెళ్ళిపోయారు. ఎక్కడికో సరిగ్గా వాళ్ళకే తెలియదు, మళ్ళీ కబురు లేదు. మే నెలలో మేమూ బయల్దేరాం. ఇంటికి తాళం వేయడానికి తలుపు కావాలి కదా, దాన్ని మార్చిలోనే కాల్చేశాం. ఆతా మనవణ్ణి తీసుకుని మైదానంలో గుర్రాలు పెంచే బంధువుల దగ్గరికి వెళ్తున్నానన్నాడు.

"మీరు ఇక్కడే ఉంటారా?" అని అడిగింది అమ్మ.

"ఊరు రాకముందు కూడా మేమిక్కడే ఉన్నాం కదమ్మా," అన్నాడు. ఆయన మనవడు రైలు పక్కన కొంతదూరం పరిగెత్తాడు. వాడి చేతిలో బొగ్గు ముక్క ఉంది, పెట్టె గోడ మీద ఏదో రాయబోయాడు కానీ రైలు వేగం అందుకుంది.

తెనాలిలో అందరూ మమ్మల్ని రష్యా వాళ్ళన్నారు. నేను కాదని చెప్పబోయేదాన్ని. మరి ఏ ఊరు అంటే, ఊరు పేరు చెప్తే, అదే రష్యా కదా అనేవాళ్ళు. కొన్నాళ్ళకి మానేశాను. అమ్మ ఒక్క ఏడాదిలో తెలుగు పట్టేసింది. కూరగాయల బండివాడితో బేరం ఆడటం నేర్చుకుంది, మండు వేసవిలో కూడా కాళ్ళకి మేజోళ్ళు మానలేదు. అక్కడి సంగతులు ఎవరడిగినా నవ్వి ఊరుకునేది. నాన్న మాత్రం ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా అరుగు మీద కూర్చుని తులిప్ పూల గురించి, ఆతా గురించి చెప్పేవాడు. వంటింటి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. నేను ఆస్ట్రేలియా వచ్చిన మూడో ఏట నాన్న పోయాడు.

అమ్మమ్మ ఎందుకు వంటింట్లో పడుకుందన్నది నాకు ఎప్పుడూ సందేహం కాలేదు. పొగ పడక అనే అనుకున్నాను. ఆతాతో ఆవిడ అన్న మాట గుర్తున్నా, అది ముసలివాళ్ళ మాటలే అనుకున్నాను.

ఇక్కడ సిడ్నీలో నాకు ఆడపిల్ల పుట్టినప్పుడు అమ్మ ఇండియా నుంచి వచ్చింది. విమానాశ్రయం నుంచి మా ఆయన తిన్నగా ఆసుపత్రికే తీసుకొచ్చాడు. గదిలో హీటర్ వల్ల కిటికీ అద్దం చెమ్మగిల్లి ఉంది. బిడ్డ నా పక్కన తొట్టిలో ఉంది. అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"రా అమ్మా. చూడు."

"ఇక్కణ్ణించి కనపడుతోందిలేవే. ఫ్లైట్‌లో దగ్గు పట్టుకుంది నాకు."

"మిడ్‌వైఫ్‌ని అడిగాను. మాస్క్ పెట్టుకుంటే చాలంది. రామ్మా."

"రాను," అంది. ఆ గొంతు నేను తెనాలిలో ఎప్పుడూ వినలేదు. మా ఆయన కాఫీ తెస్తానని బయటికి వెళ్ళాడు. అమ్మ మాస్క్ పెట్టుకుని, గుమ్మం బయటున్న కుర్చీలో, కోటు విప్పకుండానే కూర్చుంది.

"మీ అమ్మమ్మని వంటింట్లోకి వెళ్ళమంది నేనే," అంది.

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు మంచు తేవడానికి కిందకెళ్ళావు కదా, అప్పుడు. 'అమ్మా, నీకు దగ్గు ఉంది, అంటుకుంటే బిడ్డ బతకదు' అన్నాను. నేను నర్సునే. ఆ దగ్గు ఏంటో నాకు తెలుసు. ఆ వంటింట్లో ఏమవుద్దో కూడా తెలుసు. ఆవిడకీ తెలుసు. దిండు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, 'పిల్లకి పొగ అని చెప్తాలే' అంది. పిల్లంటే నువ్వు."

హీటర్ సన్నగా రొద చేస్తోంది. తొట్టిలో నా కూతురు నోరు తెరిచి మూసింది.

"ఇంకో దారి లేదు కదమ్మా," అన్నాను.

"లేదు. ఇవాళైనా అదే చెప్తాను. అదే నాకు..." అని ఆగి, మాస్క్ సర్దుకుంది. "అందుకే రాను. నువ్వు పిలవమాక."

నేను పిలవలేదు. ఇంటికి వచ్చాక అమ్మ పక్కగదిలో ఉండి వండి పెట్టింది, ఉతికి ఆరేసింది, గుమ్మంలోంచి మనవరాల్ని చూస్తూ నిలబడింది. దగ్గు పూర్తిగా తగ్గిపోయాక కూడా ఇంకో వారం ఆగింది. ఆ తర్వాత ఒక పొద్దున్న వచ్చి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, నా కూతుర్ని ఎత్తుకుంది.